చల్లబండి తెచ్చిన మధ్యాహ్నం

గవ్వలదుర్గం అని ఒక రాజ్యం ఉండేది. ఎక్కడుండేది, ఎప్పుడుండేది అని నన్నడక్కండి. నాకు చెప్పినవాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు. దాన్ని మార్తాండ భూపతి అనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. ఎవరినీ ఊరికే కొట్టించేవాడు కాడు, ఎవరి సొమ్ముకీ ఆశపడేవాడు కాడు. కానీ గొప్పలు! అబ్బో, ఆ గొప్పలు ఏం చెప్పమంటారు!

"మాది సూర్యవంశం. సూర్యుడు మా తాతగారికి తాత. కాలం మా ఇంట్లో పాలేరు లాంటిది, రమ్మంటే వస్తుంది, ఆగమంటే ఆగుతుంది" అనేవాడు. విన్నవాళ్ళు తలలూపేవాళ్ళు. రాజు చెబితే ఊపక చస్తారా?

కోట సింహద్వారం మీద ఒక బురుజు, ఆ బురుజులో పెద్ద కంచుగంట ఉండేవి. మధ్యాహ్నం ఆ గంట మోగాకే రాజుగారు విస్తరి ముందు కూర్చునేవాడు. ఆయన కూర్చున్నాకే ఊళ్ళో ఎవరైనా కూర్చోవాలి. "మా గంట మోగితేనే మధ్యాహ్నం. మోగనంతసేపూ మధ్యాహ్నం కానట్టే. ఇందులో ఎవరికీ సందేహం ఉండరాదు" అని ద్వారం పక్కన రాతిమీద శాసనం చెక్కించాడు కూడా. ఆ గంట కొట్టేవాడి పేరు తిరుపాలు. బురుజు ఎక్కే హక్కు అతనికి తప్ప ఇంకెవరికీ లేదు.

సింహద్వారం ముందునుంచే రాజవీధి. ఆ వీధికి అందం రాజుగారి వల్ల వచ్చిందా, తోపుడు బళ్ళ వల్ల వచ్చిందా అంటే, రాజుగారు వినకుండా ఉంటే చెబుతాను. తెల్లారేసరికి ఆవిరికుడుముల బండి వచ్చేది. తరవాత గాజుల బండి, పూసల బండి, కుంకుమ బండి, కత్తులు సానబట్టే బండి. ఎండెక్కాక చల్లబండి, అంటే మజ్జిగ బండి. పొద్దు వాలాక పునుగుల బండి, మల్లెపూల బండి. మొత్తం తొంభై బళ్ళు. ఏ బండి కేక ఆ బండిది. ఇంట్లో కూర్చుని కేక వింటే చాలు, వీధిలో ఏం వచ్చిందో తెలిసిపోయేది.

ఒకనాడు సాయంత్రం రాజుగారి పల్లకీ కోటలోంచి బయల్దేరింది. ముందు వందిమాగధులు, వెనక భటులు. అదే వేళకి గవరయ్య పునుగుల బండి మీద తొలివాయి మూకుడులోంచి తీస్తున్నాడు. బండి చుట్టూ జనం. అందరి కళ్ళూ మూకుడు మీదే. పల్లకీ వచ్చింది, ఆగింది, రాజుగారు తెర తీసి దణ్ణాల కోసం ఎదురుచూశాడు. ఒక్కడు తిరిగి చూడలేదు. పైగా వెనకనుంచి ఎవరో, "ఓ పల్లకీ అయ్యా, వరసలో రండి, వరసలో రండి" అన్నాడు.

అంతే! రాజుగారి మొహం కందగడ్డ అయిపోయింది.

మర్నాడే దండోరా వేయించాడు. "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా! ఎల్లుండి మధ్యాహ్నం గంట మోగే క్షణాన మహారాజులవారు కాలాధీశ్వరుడు అనే బిరుదు ధరిస్తారు! ఆనాటి ఉదయం నుంచి రాజవీధిలో గాని, ప్రాకారం లోపల ఏ వీధిలో గాని తోపుడు బండి కనబడరాదు! కనబడితే బండి విరగ్గొట్టబడును!"

వీధంతా గొల్లుమంది. గవరయ్య మూకుడు దించేసి తల పట్టుకు కూర్చున్నాడు. "నా పాపిష్టి పునుగులు! తొంభై ఇళ్ళ నోట్లో మట్టికొట్టాయి" అని ఏడ్చాడు.

"నీ పునుగులనెందుకు తిడతావు తమ్ముడూ? అవి బాగుండబట్టే కదా ఇంత గొడవ! లే, మొహం కడుక్కో. రేపు రాజుగారి దగ్గరికి పోదాం" అన్నది సింగారమ్మ.

సింగారమ్మది చల్లబండి. రెండు గేదెలు, ఒక బండి, ఒక కవ్వం, ఊరంత నోరు, ఇదీ ఆమె ఆస్తి. ఇరవై ఏళ్ళుగా ఆ వీధిలో చల్ల పోస్తోంది. ఎవరికీ భయపడి ఎరగదు. భయపడితే గేదె పాలు చేపదు అనేది.

మర్నాడు పదిమంది బళ్ళవాళ్ళు సభకి వెళ్ళారు. తొమ్మిదిమంది తలవంచుకు నిలబడ్డారు. సింగారమ్మ ముందుకొచ్చి దణ్ణం పెట్టింది.

"ఏలినవారికి మనవి. మమ్మల్ని ప్రాకారం అవతలికి పొమ్మన్నారు. అక్కడ మనుషులు లేరు ప్రభూ, తుమ్మచెట్లున్నాయి. పునుగు వాటికి పెట్టలేం, గాజు వాటికి తొడగలేం. నా చల్ల రేపటికి పులిసిపోతుంది. తొంభై ఇళ్ళల్లో పొయ్యి వెలగదు."

మార్తాండ భూపతి మీసం దువ్వాడు. "చూడమ్మా. గొప్పదైన వస్తువు ఉన్నచోటనే ఉంటుంది. జనమే దాని దగ్గరికి వస్తారు. నేను వీధివీధీ తిరిగి 'రాజునండీ, రాజునండీ' అని కేకలు వేస్తున్నానా? మీ సరుకులో పస ఉంటే జనమే ప్రాకారం దాటి వస్తారు. లేదంటే మీ ఖర్మ."

సభ భేషంది. మంత్రి గుండనామాత్యుడు మాత్రం అనలేదు. ఆయనకి సింగారమ్మ చల్లంటే ప్రాణం.

సింగారమ్మ తొణకలేదు. "తమరు ఎలా సెలవిస్తే అలాగే ప్రభూ. మా మాట సరే, తమ మాట ఆలోచించండి. మా బళ్ళు వీధిలోకి రాకపోతే కోటకి మధ్యాహ్నం రాదు."

 సభంతా పెద్ద నవ్వు. రాజుగారు నవ్వలేదు. సింహాసనం అంచుకి జరిగాడు.

"ఏమన్నావు? మధ్యాహ్నం రాదా? సూర్యుడు మా తాతలనాటి చుట్టం! ఆయన నీ మజ్జిగ కోసం వస్తున్నాడనుకున్నావా?"

"సూర్యుడి సంగతి నాకు తెలీదు దొరా. ఆయన వస్తాడేమో. మధ్యాహ్నం మాత్రం రాదు."

"వస్తే?"

"వస్తే మేం మళ్ళీ ప్రాకారంలో అడుగుపెట్టం."

"అది ఎలాగూ పెట్టరు. అది కాదు. వస్తే నీ రెండు గేదెలూ మా కోట కొట్టానికి వచ్చేస్తాయి. ఒప్పుకుంటావా?"

వెనకనుంచి గవరయ్య ఆమె కొంగు పట్టి లాగాడు. సింగారమ్మ కొంగు విడిపించుకుని, "ఒప్పుకున్నాను ప్రభూ. రాకపోతే తొంభై బళ్ళూ రాజవీధిలోనే ఉండాలి, మా పిల్లల పిల్లల కాలం దాకా" అన్నది.

"సరే! సభవారందరూ సాక్షి!" అన్నాడు రాజు.

బయటికి వచ్చాక గవరయ్య లబలబలాడాడు. "అక్కా, నీకేమన్నా మతిపోయిందా? మధ్యాహ్నం రాకపోవడమేమిటి? గేదెలు పోతే నువ్వేం తిని బతుకుతావు?"

"నువ్వు నిమ్మళంగా ఉండు తమ్ముడూ. ఇరవై ఏళ్ళనుంచి ఆ బురుజు కిందనుంచే నడుస్తున్నాను. నాకు తెలిసింది నాకు తెలుసు" అన్నదామె. ఎంత బతిమాలినా అంతకుమించి చెప్పలేదు.

బిరుదు పుచ్చుకునే రోజు వచ్చింది. శ్రావణమాసం. తెల్లారేసరికి ఆకాశం నిండా మబ్బులు పట్టి, సూర్యుడు ఎక్కడున్నాడో, అసలున్నాడో లేదో తెలియకుండా ఉంది. వీధిలో ఒక్క బండి లేదు. ఒక్క కేక లేదు. సింహద్వారం ముందు, బురుజు కిందనే పందిరి వేసి సింహాసనం తెచ్చి పెట్టారు. సన్నాయి మేళం కూర్చుంది. ఊరు ఊరంతా వచ్చి నిలబడింది. సింగారమ్మను ముందువరసలో నిలబెట్టారు, రాజుగారు గెలిచాక గేదెల్ని తోలుకురమ్మనడానికి వీలుగా ఉంటుందని.

ఏర్పాటు ఏమిటంటే, ఆస్థాన సిద్ధాంతి బంగారు అంచు తలపాగాని రెండు చేతులా ఎత్తి రాజుగారి తలమీద పట్టుకోవాలి. మధ్యాహ్నపు గంట తొలిదెబ్బ వినబడగానే తలకి పెట్టాలి. అప్పటిదాకా రాజుగారు ఉపవాసం. రాజుగారు ఉపవాసం ఉంటే సభకీ ఉపవాసమే, ఊరికీ ఉపవాసమే.

సిద్ధాంతి తలపాగా ఎత్తాడు. "ఇదిగో, ఇప్పుడే" అన్నాడు.

గంట మోగలేదు.

సన్నాయివాళ్ళు ఒక కీర్తన వాయించారు. ఇంకొకటి వాయించారు. వచ్చినవన్నీ వాయించి మళ్ళీ మొదటిది అందుకున్నారు. సిద్ధాంతి చేతులు వణకసాగాయి. రాజుగారి కడుపులోంచి ఒక శబ్దం వచ్చింది. పక్కనున్న వాళ్ళు అది మద్దెల అన్నట్టు మద్దెలవాడి వైపు చూశారు.

మంత్రి మెల్లిగా వంగి, "ప్రభూ, వేళ మించినట్టుంది. ఒకసారి బురుజు మీదికి మనిషిని పంపుదామా?" అన్నాడు.

"మించడమేమిటి? శాసనం చదవలేదా?" అని కసిరాడు రాజు. "మా గంట మోగలేదంటే మధ్యాహ్నం కాలేదన్నమాటే. మా గంటను మేమే శంకిస్తే లోకం నవ్వదూ?"

మంత్రి వెనక్కి తగ్గాడు. ఏం చేస్తాడు! శాసనం రాసింది రాజు, చెక్కించింది రాజు, ఆకలితో మాడుతున్నదీ రాజే.

పసిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. తల్లులు సముదాయించలేక వాళ్ళూ కళ్ళు తుడుచుకున్నారు. సన్నాయివాడు ఊపిరి చాలక అక్కడే ఒరిగిపోయాడు. సిద్ధాంతి చేతులు కింద పడకుండా ఇద్దరు శిష్యులు చెరో మోచెయ్యీ పట్టుకున్నారు. గవరయ్య మాత్రం గుంపులోంచి సింగారమ్మని చూస్తూ, చూస్తూ, మెల్లిగా నవ్వడం మొదలెట్టాడు.

ఇంతలో వీధి చివరనుంచి మువ్వల చప్పుడు వినబడింది. మేతకి వెళ్ళిన పశువుల మంద ఇళ్ళకి తిరిగొస్తోంది. ఆవులు, దూడలు పందిరి పక్కనుంచే సాగిపోయాయి. ఊళ్ళో పశువులకి సాయంత్రమైంది, రాజుగారికి ఇంకా మధ్యాహ్నం కాలేదు!

రాజుగారి పెదవులు ఎండిపోయాయి. కళ్ళముందు మిణుగురులు తిరుగుతున్నాయి. ఆఖరికి గొప్పలన్నీ పక్కనబెట్టి, నీరసంగా పిలిచాడు.

"ఏమమ్మా... సింగారమ్మా..."

"చిత్తం ప్రభూ."

"మధ్యాహ్నం... రాలేదు."

"రాలేదు ప్రభూ. తమరు సెలవిస్తే తెస్తాను."

"ఎక్కడినుంచి తెస్తావు?"

"ఇక్కడినుంచే. బండి లేకపోయినా నోరుంది కదా."

రాజు తల ఊపాడు. సింగారమ్మ పైట బిగించి నడుముకి చుట్టుకుంది. బురుజు కిందికి నాలుగడుగులు వేసింది. ఒక చెయ్యి చెవికి ఆనించి, ఇరవై ఏళ్ళుగా ఆ వీధి విన్న కేక వేసింది.

"చల్లో...! చల్లా...! చిక్కటి చల్లమ్మా చల్లో...!"

ఖంగ్! ఖంగ్! ఖంగ్!

బురుజు మీద గంట అదిరిపోయేలా మోగింది. సిద్ధాంతి ఉలిక్కిపడి చేతులు వదిలేశాడు. తలపాగా జారి రాజుగారి ముక్కుదాకా దిగింది. జనం నోళ్ళు వెళ్ళబెట్టారు.

రాజు తలపాగా పైకి తోసుకుని కళ్ళు బయటికి తీశాడు. "కాకతాళీయం! ఏదో వేళకి వేళ కలిసింది. ఏదీ, మళ్ళీ అరువు చూద్దాం!"

"మళ్ళీ అరిస్తే మళ్ళీ మధ్యాహ్నమవుతుంది ప్రభూ."

"అవనీ!"

"చల్లో...! చల్లా...!"

ఖంగ్! ఖంగ్! ఖంగ్!

ఒకే రోజున రెండో మధ్యాహ్నం! ఇక జనం ఆగలేదు. కడుపు మాడుతున్నా కడుపు పట్టుకు నవ్వారు. మంత్రిగారు మొహం స్తంభం వైపు తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఆ గంటవాణ్ణి దింపండి!" అని అరిచాడు రాజు.

తిరుపాలు దిగొచ్చాడు. కళ్ళు నలుపుకుంటూ, చెంపమీద చాప అచ్చులతో. ఇంత జనాన్ని చూడగానే అతని పైప్రాణాలు పైనే పోయాయి. రాజుగారి కాళ్ళమీద పడ్డాడు.

"తప్పు కాయండి మహాప్రభో! గడియలు లెక్క చూసుకోడానికి తమ తాతగారు పెట్టించిన చిల్లిగిన్నె ఉండేది. నీళ్ళు నిండి మునిగితే ఒక గడియ. ఆ చిల్లు ఇరవై ఏళ్ళ కిందటే పాచిపట్టి పూడుకుపోయింది. చెబితే తల తీసేస్తారని భయపడ్డాను. మజ్జిగ బండి రోజూ సరిగ్గా ఒకే వేళకి బురుజు కిందికి వస్తోందని కనిపెట్టాను. అప్పట్నుంచి పొద్దుటి గంట కొట్టి పడుకుంటాను, సింగారమ్మక్క కేక వినబడగానే లేచి మధ్యాహ్నం కొడతాను. మేళాలకీ, తప్పెట్లకీ నాకు మెలకువ రాదు మహాప్రభో. ఆ కేకకే వస్తుంది."

రాజుగారి చెయ్యి కత్తి మీదికి పోయింది. "ఇరవై ఏళ్ళు! ఇరవై ఏళ్ళు ఇంత రాజ్యాన్ని మోసం చేశావా? వీణ్ణి తీసుకుపోయి..."

"ఒక్క మాట ప్రభూ" అంటూ సింగారమ్మ అడ్డొచ్చింది. ఈసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు. "ఈ ఇరవై ఏళ్ళలో ఏనాడైనా తమకి మధ్యాహ్నం తప్పిందా?"

రాజు ఆలోచించాడు. "లేదు."

"ఒక్క పూటైనా తమ భోజనం ఆలస్యమైందా?"

"లేదు."

"మొత్తమ్మీద తప్పింది ఒక్కనాడే, ఇవాళ. ఇవాళ బళ్ళు ఆపింది తిరుపాలు కాదు కదా ప్రభూ?"

రాజుగారి చెయ్యి కత్తి మీద అలాగే ఉండిపోయింది. ఆపింది ఎవరో ఆయనకి తెలుసు. అందరికీ తెలుసు. దండోరా వేసినవాడు గుంపులో వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు.

కాసేపయ్యాక కత్తి వదిలేసి, రాజు వేరే దారి పట్టాడు. "సరే. వాడు నీ కేక విని కొట్టాడు. మరి ఇంత మబ్బులో సూర్యవంశపు సిద్ధాంతికే తెలియని మధ్యాహ్నం నీకెలా తెలుస్తుంది?"

"నాకేం తెలుసు ప్రభూ? నా గేదెకి తెలుసు."

"గేదెకా!"

"అవును ప్రభూ. మబ్బైనా, వానైనా, గ్రహణమైనా అది వేళకే చేపుతుంది. ఒక్క గడియ ముందూ కాదు, వెనకా కాదు. పాలు పితికి, ముందునాటి పెరుగు చిలికి బండెక్కిస్తాను. దారిలో పదిహేడు వాకిళ్ళు. వాకిలికొక ముంత పోసి, రెండు మంచి మాటలు చెప్పి కదిలితే బురుజు కిందికొచ్చేసరికి సరిగ్గా మధ్యాహ్నం. ఒకనాడు పెళ్ళివారు దారిలోనే కుండలన్నీ కొనేశారు. నేను తొందరగా వచ్చేశాను. 'అయ్యో, అన్నీ అయిపోయాయి' అని చెప్పడానికి ఒక కేక వేశాను. ఆరోజు మధ్యాహ్నం రెండు గడియలు ముందొచ్చింది. తమరు కూడా ముందే భోంచేశారు. 'ఈ పూట కూర అద్భుతం' అన్నారట, వంటవాళ్ళు చెప్పుకున్నారు. అప్పుడే నాకు అర్థమైంది."

 సూర్యవంశపు మహారాజు ఇరవై ఏళ్ళుగా ఒక గేదె చేపిన వేళకి అన్నం తింటున్నాడని ఊరందరి ఎదుటా తేలిపోయింది. రాజు ఏమంటాడో అని జనం మెడలు చాచి చూశారు.

మార్తాండ భూపతి మీసం మొదట కుడివైపు కదిలింది. తరవాత ఎడమవైపు కదిలింది. ఆపుకోడానికి చాలా ప్రయత్నించాడు పాపం. ఆఖరికి ఫక్కుమన్నాడు. మొదలుపెట్టాక ఆగలేకపోయాడు. ఖాళీ కడుపుతో నవ్వీ నవ్వీ సింహాసనం చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"సిద్ధాంతిగారూ!" అన్నాడు రొప్పుతూ. "ఈ తలపాగా తీసుకుపోయి ఆ గేదె కొమ్ములకి చుట్టండి! కాలాధీశ్వరుడు నేను కాదు, అదీ!"

తిరుపాలుని లేవదీసి, రేపే కొత్త గిన్నె చేయిస్తానన్నాడు. తొంభై బళ్ళూ రాజవీధిలో ఎప్పటికీ ఉండవచ్చని, ఆ మాట పాత శాసనం పక్కనే చెక్కించమని ఆజ్ఞాపించాడు. గవరయ్య ఆ మాట పూర్తిగా వినలేదు. ప్రాకారం అవతల ఉన్న బండి తెచ్చుకోడానికి అప్పటికే పరుగెత్తాడు. కాసేపట్లో మూకుడు కాగింది. ఆ పూట రాజుగారి తొలిముద్ద పునుగే. ఆయన వరసలో నిలబడే తీసుకున్నాడని కూడా అంటారు. నేను చూడలేదు.

సింగారమ్మ బండి కూడా వచ్చాక ఆమె చేత్తో చల్లముంత అందుకుని, గడగడా తాగి, మీసం తుడుచుకుని రాజు అన్నాడు: "సింగారమ్మా, ఇప్పటిదాకా అందరి కోసం అడిగావు. నీకోసం ఏం కావాలో కోరుకో. మాగాణి ఇమ్మంటావా? మేడ కట్టించమంటావా?"

సింగారమ్మ తల గోక్కుంది. ఆ వైపూ ఈ వైపూ చూసింది.

"మాగాణి నేనెక్కడ దున్నుతాను దొరా. అడిగారు కాబట్టి ఒక్కటే. అదిగో, తమ సింహద్వారం ముందు ఆ గొయ్యి చూశారా? వానాకాలం వస్తే నా చక్రం అందులో దిగబడిపోతోంది. లాగలేక చస్తున్నాను. అది పూడ్పించండి ప్రభూ. లేకపోతే తమకే భోజనం ఆలస్యం."

రాజు మళ్ళీ నవ్వు అందుకున్నాడు. నవ్వుతూనే పందిరి దిగి, పలుగులూ తట్టలూ తెప్పించి, ఆ గొయ్యి పూర్తిగా పూడేదాకా రెండో ముంత చల్ల చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.